నాంపల్లి బండి హైటెక్‌ సిటీ దాకా

హైదరాబాద్‌ ఐటీ పునాదులు ఆబిడ్స్‌, నాంపల్లి గల్లీల్లో ఉన్నాయి. రాబోయే పాతికేళ్ల ప్రణాళికల్లో ఆ నగరం నడిబొడ్డుకు చోటెక్కడ?

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాలు చాలామటుకు మూసే ఉంటాయి. దించిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్‌ పొడవునా పుస్తకాలు పరుచుకుంటాయి. జనరల్‌ పోస్టాఫీసు దగ్గరి నెహ్రూ విగ్రహం నుంచి మొదలుపెడితే ఎండెక్కేదాకా తిరగొచ్చు. నవలలు, డిక్షనరీలు, పాత పత్రికల బైండింగులు దాటాక కంప్యూటర్‌ పుస్తకాల కుప్పలు వస్తాయి. వాటి ముందు నేను ఎప్పుడూ కాసేపు గొంతుక్కూర్చుంటాను. పైన పైథాన్‌, మెషిన్‌ లెర్నింగ్‌. దాని కింద ఆండ్రాయిడ్‌. ఇంకాస్త కిందికి చెయ్యి పోనిస్తే జావా, డాట్‌నెట్‌, ఒరాకిల్‌. అట్టడుగున అంచులు చెదకొట్టిన కోబాల్‌ పుస్తకం. బావి తవ్వుతుంటే మట్టి రంగులు మారినట్టు, ఏ కాలంలో ఏ చదువు ఈ ఊళ్లో ఉద్యోగం తెచ్చిపెట్టిందో ఆ కుప్పలో వరుసగా బయటపడుతుంది.

నా మొదటి సి లాంగ్వేజి పుస్తకం ఇక్కడే కొన్నాను. అంతకుముందు దాన్ని చదివినవాళ్లెవరో పేజీ అంచుల్లో పెన్సిలుతో జవాబులు రాసుకున్నారు. పుస్తకంకన్నా ఆ రాతలే నాకు ఎక్కువ నేర్పాయి. చదవడం అయ్యాక మళ్లీ ఈ ఫుట్‌పాత్‌ మీదే అమ్మేశాను. అది ఇంకెంతమంది చేతులు మారిందో!

ఇక్కణ్నుంచి నాంపల్లి స్టేషన్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. 1907లో మొదలైన ఆ స్టేషన్‌కు రైల్వే వాళ్ల పేరు హైదరాబాద్‌ దక్కన్‌. జనానికి మాత్రం అది ఎప్పుడూ నాంపల్లే. లింగంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్‌ ఎక్కితే లక్డీకాపూల్‌, ఖైరతాబాద్‌, నెక్లెస్‌ రోడ్‌, బేగంపేట, భరత్‌నగర్‌, బోరబండ దాటి హైటెక్‌ సిటీ అనే స్టేషన్‌లో ఆగుతుంది. ఎంఎంటీఎస్‌ రైళ్లు 2003 ఆగస్టు 9న మొదలయ్యాయి. పట్టాలైతే అంతకుముందు ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నాయి.

హైదరాబాద్‌ ఐటీ కథను 1998లో, సైబర్‌ టవర్స్‌ రిబ్బను కత్తిరించిన రోజున మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. ఆ రోజు ముఖ్యమైనదే, కాదనను. అయితే ఆ బండి బయల్దేరింది నాంపల్లిలో. బయల్దేరిన చోటును లెక్కలోంచి తీసేసి ముందు పాతికేళ్లకు ప్రణాళిక రాస్తే అది సగం ప్రణాళికే అవుతుందని నా నమ్మకం.

ఫిరంగి అచ్చు నుంచి విశ్వవిద్యాలయం దాకా

ఆబిడ్స్‌కు ఆ పేరు ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్‌ ఆబిడ్‌ దుకాణం వల్ల వచ్చింది. పక్కనున్న గన్‌ఫౌండ్రీ అంతకన్నా పాతది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్‌ 1795లో ఇక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించాడు. తోప్‌ కా సాంచా అన్నారు జనం. తోప్‌ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. లోహం కరిగించి కోరిన కొలతకు గొట్టం తియ్యడం ఆ రోజుల్లో కష్టమైన సాంకేతిక విద్య. రేమండ్‌ 1798లో చనిపోయాడు. అదే ఏడు ఇంగ్లీషువాళ్లు నిజాంతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచి దళాలను రద్దు చేయించారు. ఇవాళ అక్కడ మిగిలింది మొండిగోడలు, ఒక పేట పేరు.

నూట ఇరవై ఏళ్ల తర్వాత అదే పేటలో మొదలైన మరో పని మాత్రం నిలిచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలి తరగతులు 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గరి బంగళాల్లో నడిచాయి. విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. అడిక్‌మెట్‌ కొండల మీద ఆర్ట్స్‌ కాలేజీ భవనం ప్రారంభమయ్యేసరికి 1939 డిసెంబరు వచ్చింది. అంటే ఇరవై ఏళ్ల పాటు సొంత గోడలు పూర్తికాకుండానే చదువు సాగింది. ముందు భవనం కట్టి, తర్వాత అందులోకి ఎవరొస్తారా అని ఎదురుచూసే ఈ కాలపు అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు.

విశ్వవిద్యాలయం కన్నా ముందే, 1917లో, దారుల్‌ తర్జుమా పెట్టారు. గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, ఇంజినీరింగు పుస్తకాలను ఉర్దూలోకి తేవడం, వాటికి కావలసిన పారిభాషిక పదాలు తయారుచెయ్యడం దాని పని. ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పాలన్న సాహసం అది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ తరగతి గదుల్లో బోధనా భాషగా చోటు దక్కలేదు. ఆ నష్టం తెలంగాణ పల్లెల మీద పడింది, ఒకటి రెండు తరాలు దాన్ని మోశాయి. ఆ లోటును కొంతైనా పూడ్చింది ఆబిడ్స్‌లోనే 1918లో మొదలైన రెడ్డి హాస్టల్‌. కొత్వాల్‌ వెంకటరామారెడ్డి పట్టుదలతో పుట్టిన ఆ హాస్టల్‌ను సురవరం ప్రతాపరెడ్డి ఏళ్ల తరబడి చూసుకున్నారు. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు అన్నం, పడక, తెలుగు పుస్తకం ఒకేచోట దొరికాయి. ఇవాళ అమీర్‌పేట, మాదాపూర్‌ హాస్టళ్లలో ఉంటూ కోడింగ్‌ నేర్చుకునే పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, పల్లె నుంచి పట్నం చదువుకొచ్చిన పిల్లవాడికి ముందు కావలసింది తలదాచుకునే చోటని ఈ ఊరు నూరేళ్ల కిందటే గ్రహించింది.

ఆ వరుసలో 1929 మంచి ఏడాది. ఉస్మానియా ఇంజినీరింగు కాలేజీ ఆ ఏడాదే మొదలైంది. పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చేందుకు నిజాం ప్రభుత్వం ఇండస్ట్రియల్‌ ట్రస్ట్‌ ఫండ్‌ పెట్టిందీ ఆ ఏడాదే. తర్వాతి కాలంలో నిజాం షుగర్స్‌, సిర్పూర్‌ పేపర్‌ మిల్లు, ఆల్విన్‌, ప్రాగా టూల్స్‌ పైకి వచ్చాయి. చేతినిండా పని తెలిసిన ఫిట్టర్లు, టర్నర్లు, మెషినిస్టులు ఈ ఊళ్లో పోగయ్యారు.

ఇక నాంపల్లి వంతు. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లు రాజ్యంలో తయారయ్యే సరుకులను జనానికి చూపించాలనుకున్నారు. 1938లో పబ్లిక్‌ గార్డెన్స్‌లో ఓ ప్రదర్శన పెట్టారు. అదే నుమాయిష్‌. 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్‌ గ్రౌండ్స్‌కు మారింది. జనవరి ఒకటి నుంచి నెలన్నర పాటు జెయింట్‌ వీల్‌ ఎక్కి, మిర్చి బజ్జీ తిని వచ్చే మనలో చాలామందికి దాని పుట్టుక చదువుకున్న కుర్రాళ్ల ఆర్థిక ఆలోచన అని తట్టదు. నుమాయిష్‌ రాబడితో ఎగ్జిబిషన్‌ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్‌, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఆ గ్రౌండ్స్‌లోనే ఉన్నాయి. ఆటబొమ్మ, అత్తరు, ఉన్ని శాలువా అమ్మగా వచ్చిన డబ్బు ఆడపిల్లలకు ఎలక్ట్రానిక్స్‌ డిప్లొమా చదువు చెప్పిస్తోంది. దీర్ఘకాలిక వ్యూహం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఈ నగరంలో కనబడలేదు.

సర్కారు కంపెనీలు తయారుచేసిన ఇంజినీర్లు

స్వాతంత్ర్యం తర్వాతి ముప్పై ఏళ్లలో కేంద్రప్రభుత్వం నగరం చుట్టూ ఒక్కో సంస్థా పెడుతూ పోయింది. ఐడీపీఎల్‌, డీఆర్‌డీఎల్‌, డీఎంఆర్‌ఎల్‌, బీడీఎల్‌, ఎన్‌ఎఫ్‌సీ, మిధాని. వీటిలో మన కథకు కీలకం 1967లో డాక్టర్‌ ఏ.ఎస్‌.రావు సారథ్యంలో ఏర్పడ్డ ఈసీఐఎల్‌. రెండేళ్లకే, 1969లో, టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను అక్కడ తయారుచేశారు. బెంగళూరు శివార్లలో ఎలక్ట్రానిక్స్‌ సిటీకి 1978లో బీజం పడింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే హైదరాబాద్‌లో కంప్యూటర్‌ తయారైంది.

మరి బెంగళూరు ఎందుకు ముందుకెళ్లింది? నా లెక్కలో కారణం ఒక్కటే. 1985లో టెక్సాస్‌ ఇన్‌స్ట్రుమెంట్స్‌ లాంటి విదేశీ సంస్థను రప్పించుకుని, తన ఇంజినీర్లను ప్రపంచ మార్కెట్‌కు కలిపే తలుపు బెంగళూరు ముందుగా తెరిచింది. మన ఇంజినీర్లు సర్కారు కంపెనీల ప్రహరీల లోపలే ఉండిపోయారు. వాళ్లలో కొందరు బయటికొచ్చి కొత్తవి పెట్టినప్పుడే కథ మారింది. మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్‌ రెడ్డీస్‌ స్థాపించడం దీనికి అందరికీ తెలిసిన రుజువు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇక్కడి కంపెనీలు వచ్చాయి. 1987లో సత్యం కంప్యూటర్స్‌, 1991లో ఇన్ఫోటెక్‌ ఎంటర్‌ప్రైజెస్‌ పుట్టాయి.

ఈలోగా ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలు మొదలయ్యాయి. 1979లో సీబీఐటీ, 1981లో వాసవి. 1984లో నాంపల్లి పక్కనే దారుస్సలాంలో దక్కన్‌ కాలేజీ. అప్పటిదాకా టైపు, షార్ట్‌హ్యాండ్‌ నేర్చుకుని గుమస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే మధ్యతరగతి ఇళ్లలో ఇంజినీరింగు సీటు అనే మాట నిత్యం వినబడసాగింది. 2000 సంవత్సరం దాటితే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం అమెరికాను పట్టుకున్నప్పుడు, కోబాల్‌ నేర్చుకున్న తెలుగు కుర్రాళ్లు విమానాలెక్కారు. ఆబిడ్స్‌ కుప్పలో అట్టడుగున ఉన్న పుస్తకం ఆ కాలానిదే.

మాదాపూర్‌ రాళ్ల మీద

కేంద్రం 1991లో సాఫ్ట్‌వేర్‌ టెక్నాలజీ పార్కుల వ్యవస్థ పెట్టింది. హైదరాబాద్‌లో దాని కార్యాలయం అమీర్‌పేట మైత్రీవనంలో నడిచింది. ఆ కూడలి తర్వాత దేశం నలుమూలల పిల్లలు వచ్చి కోర్సులు నేర్చుకునే కేంద్రమైంది. అక్కణ్నుంచి పడమటికి జరగడం తర్వాతి అడుగు.

1995లో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబునాయుడు ఐటీని తన పాలనకు గుర్తుగా ఎంచుకున్నారు. ఎల్‌ అండ్‌ టీ, ఏపీఐఐసీ కలిసి కట్టిన సైబర్‌ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. అదే ఏడు మైక్రోసాఫ్ట్‌ తన ఇండియా డెవలప్‌మెంట్‌ సెంటర్‌ను ఈ ఊళ్లో పెట్టింది. ట్రిపుల్‌ ఐటీ కూడా ఆ ఏడాదిదే. ట్యూరింగ్‌ అవార్డు అందుకున్న తెలుగువాడు రాజ్‌రెడ్డి దాని పాలకమండలికి సారథ్యం వహించారు. భూముల రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌లోకి తెచ్చిన కార్డ్‌ పథకం కూడా 1998 నవంబరులోనే మొదలైంది. ఆ తర్వాత కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కౌంటర్లో కట్టించుకునే ఈసేవ వచ్చింది. ప్రభుత్వమే కంప్యూటర్‌కు మొదటి పెద్ద గిరాకీదారు కావడం ఆనాటి వ్యూహంలో నాకు బాగా నచ్చిన భాగం.

ఆ రోజుల్లో చంద్రబాబు ప్రభుత్వం తెచ్చిన విజన్‌ 2020 అనే పత్రం మీద గట్టి విమర్శలు వచ్చాయి. కరువు, రైతుల ఆత్మహత్యల కాలంలో ఈ హంగు దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. 2004లో ఓటరు ఆ ప్రభుత్వాన్ని దించేశాడు కూడా. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి ఆ విధానాన్ని చెరిపెయ్యలేదు. 2008లో శంషాబాద్‌ విమానాశ్రయం మొదలైంది. 158 కిలోమీటర్ల ఔటర్‌ రింగురోడ్డు పని సాగింది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడ్డప్పుడు నగరం మొత్తం కంగుతింది. కేంద్రం వెంటనే కొత్త బోర్డును వెయ్యడంతో నాలుగు నెలలు తిరక్కముందే కంపెనీ టెక్‌ మహీంద్రా చేతికి వెళ్లింది. వేల ఉద్యోగాలు నిలబడ్డాయి.

తెలంగాణ ఏర్పడ్డాకా తీగ తెగలేదు. 2015 నవంబరులో టీ-హబ్‌, 2018 మార్చిలో మహిళా వ్యాపారవేత్తలకు వీ-హబ్‌, 2023 మార్చిలో వస్తువుల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్‌ వచ్చాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో 57,258 కోట్ల రూపాయలున్న ఐటీ ఎగుమతులు 2022-23కు 2,41,275 కోట్లకు చేరాయి. ఉద్యోగాలు 3.23 లక్షల నుంచి 9.05 లక్షలయ్యాయి. ఇప్పటి ప్రభుత్వం తెలంగాణ రైజింగ్‌ 2047 పేరుతో 3 లక్షల కోట్ల డాలర్ల ఆర్థికవ్యవస్థను గురిగా పెట్టుకుంది. చంద్రబాబు, వైఎస్‌, కేసీఆర్‌, రేవంత్‌రెడ్డి ఎవరి రాజకీయాలు వాళ్లవి. అయినా ఒకరు తవ్విన కాలువను ఇంకొకరు పూడ్చలేదు. మూడు దశాబ్దాలుగా కంపెనీలు ఈ ఊరిని నమ్మడానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

ఎకరం 177 కోట్లు

ఇక్కణ్నుంచి నా ఫిర్యాదు.

2025 అక్టోబరులో రాయదుర్గంలో ప్రభుత్వం వేలం వేసిన భూమి ఎకరం 177 కోట్లు పలికింది. ఖజానాకు అది పండగే. అయితే ఆ ధర పెట్టి కొన్న భూమి మీద ఎవరు నిలబడగలరు? పది మందితో కంపెనీ మొదలుపెట్టే కుర్రాడు నిలబడలేడు. అక్కడ పనిచేసే క్యాబ్‌ డ్రైవరు, హౌస్‌కీపింగ్‌ మనిషి, టీ కొట్టువాడు చుట్టుపక్కల ఇల్లు అద్దెకు తీసుకోలేరు. రోజూ వాళ్లు ఎక్కడెక్కడి నుంచో రావాలి. పడమటి దిక్కున భూమి కోసం ఆకలి ఎంత పెరిగిందో 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ చూపించింది. హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన చెట్లు నరుకుతుంటే సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది.

అభివృద్ధి అంతా ఒకే దిక్కున పేరుకుపోతోందని ప్రభుత్వాలకు తెలియక కాదు. 2020 డిసెంబరులో గ్రిడ్‌ అనే విధానం తెచ్చారు. ఉప్పల్‌, నాచారం, కూకట్‌పల్లి లాంటి పాత పారిశ్రామికవాడలను ఐటీ పార్కులుగా మార్చుకునేందుకు రాయితీలిచ్చారు. వరంగల్‌, కరీంనగర్‌, ఖమ్మం, నిజామాబాద్‌లో ఐటీ టవర్లు కట్టారు. మలక్‌పేటలో ఒకదానికి 2023 అక్టోబరు 2న శంకుస్థాపన చేశారు. మంచి ప్రయత్నాలే. కానీ అన్నిటిలోనూ ఆలోచన ఒక్కటే: ఖాళీ స్థలం చూడు, టవర్‌ కట్టు, కంపెనీని పిలువు. ఖాళీ స్థలం లేని చోటు ఈ ఆలోచనకు కంటబడదు. అలా కంటబడకుండా పోయింది నాంపల్లి.

2047 పత్రం రాష్ట్రాన్ని మూడు వలయాలుగా చేసింది. ఔటర్‌ రింగురోడ్డు లోపలిదంతా కోర్‌, అది సేవారంగానికి. ఆ లెక్కలో కోకాపేట, నాంపల్లి ఒకటే గదిలో పడ్డాయి. ఒకచోట నలభై అంతస్తుల అద్దాల మేడలు. ఇంకోచోట ఎంజే రోడ్డు మీద హౌసింగ్‌ బోర్డు కాలపు గగన్‌విహార్‌, చంద్రవిహార్‌, గృహకల్ప. ఈ రెండింటికీ ఒకే మందు పనిచెయ్యదు.

జగదీశ్‌ మార్కెట్‌లో మైక్రోస్కోపు

రెండేళ్ల కిందట నా ఫోన్‌ చార్జింగ్‌ ఎక్కడం మానేసింది. ఒక సర్వీస్‌ సెంటర్‌కు తీసుకెళ్తే మదర్‌బోర్డు మొత్తం మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్త ఫోనే వస్తుంది. ఆబిడ్స్‌ జగదీశ్‌ మార్కెట్‌కు వెళ్లాను. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు వసారాలు, రెండు వైపులా మొబైల్‌ దుకాణాలు. ఓ మూల మూడడుగుల బల్ల మీద ఇరవై రెండేళ్లుండే కుర్రాడు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి బోర్డు చూశాడు. మల్టీమీటర్‌తో రెండు చోట్ల తాకి, బోర్డు బాగానే ఉందని, ఒక్క ఐసీ పోయిందని చెప్పాడు. హాట్‌ ఎయిర్‌ గన్‌తో మిరియపు గింజకన్నా చిన్న ముక్కను లేపి, ఇంకొకటి కూర్చోబెట్టాడు. టీ తాగి వచ్చేలోపు ఫోన్‌ లేచింది.

అతని చేతికి ఏ సర్టిఫికెట్టూ లేదు. ఉస్తాద్‌ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. తోప్‌ కా సాంచాలో పోతపనివాళ్లు నేర్చుకున్న పద్ధతీ అలాంటిదే అయ్యుంటుంది. ఈ మార్కెట్‌లో, పక్కనే కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్‌ దుకాణాల్లో, ట్రూప్‌ బజార్‌ ఎలక్ట్రికల్‌ షాపుల్లో ఇలాంటి చేతులు ఎన్నో ఉన్నాయి. సర్క్యూట్‌ బొమ్మ లేకుండా బోర్డు చదవగలవాళ్లు వీళ్లు. సెమీకండక్టర్లు, డ్రోన్లు, విద్యుత్‌ వాహనాలు మన రాష్ట్రానికి రావాలని మనం కోరుకుంటున్నాం. వాటిని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించగలిగే వాళ్లు నగరం నడిబొడ్డున ఉన్న సంగతి ఏ విధానపత్రంలోనూ నేను చదవలేదు.

చైనాలో షెన్‌జెన్‌ను చూడండి. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యాక ఆ ఊళ్లో పెద్ద ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటితోపాటు 1988లో హువాచ్యాంగ్‌బేలో ఎలక్ట్రానిక్స్‌ విడిభాగాల మార్కెట్‌ మొదలైంది. కొత్త వస్తువు చెయ్యాలనుకున్నవాడు పొద్దున మార్కెట్‌లో భాగాలు కొని, సాయంత్రానికి బల్లమీద నమూనా బిగించుకోగలిగాడు. షెన్‌జెన్‌ హార్డ్‌వేర్‌కు పేరు రావడంలో ఆ ఇరుకు దుకాణాల పాలు తక్కువేమీ కాదు. మన టీ-వర్క్స్‌ రాయదుర్గంలో ఉంది. యంత్రాలు అద్భుతమైనవి. జగదీశ్‌ మార్కెట్‌ కుర్రాడు దాని గడప తొక్కాడో లేదో నాకు అనుమానమే. టీ-వర్క్స్‌ వాళ్లు ఆబిడ్స్‌లో ఒక చిన్న శాఖ తెరిచి, సాయంత్రం దుకాణాలు కట్టేశాక ఈ కుర్రాళ్లకు యంత్రాలు అందుబాటులో ఉంచి, నేర్చిన పనికి పరీక్ష పెట్టి పత్రం ఇస్తే ఖర్చెంతవుతుంది? రాయదుర్గంలో ఒక ఎకరం ధరలో అది ఎన్నో వంతు?

స్పెయిన్‌లో బార్సిలోనాది ఇంకో దారి. మిల్లులు మూతపడి పాడుబడ్డ పోబ్లెనౌ పేటను 2000 నుంచి 22@ అనే పథకం కింద కొత్త పరిశ్రమలకు తయారుచేశారు. దాదాపు 200 హెక్టార్ల పేట అది. పాత మిల్లు గోడల్లోనే కార్యాలయాలు, కాలేజీలు, ఇళ్లు కలిపి పెట్టారు. అద్దెలు పెరిగి పాతవాళ్లు వెళ్లిపోవాల్సి వస్తోందన్న గోడు అక్కడా ఉంది. మనం నేర్చుకునేటప్పుడు ఆ తప్పునూ చూసి నేర్చుకోవాలి. ఆబిడ్స్‌లోని చిన్న దుకాణదారుణ్ని పంపించేసి తెచ్చే ఐటీ ఈ పేటకు అక్కర్లేదు.

రాకపోకల ఇబ్బంది లేదు. మెట్రో ఎర్రలైను నాంపల్లి, గాంధీభవన్‌, అసెంబ్లీ స్టేషన్ల మీదుగా 2018 సెప్టెంబరు 24 నుంచి నడుస్తోంది. అమీర్‌పేటలో మారితే 2019 మార్చి నుంచి హైటెక్‌ సిటీ దాకా వెళ్లొచ్చు. ఎంఎంటీఎస్‌ ఉండనే ఉంది. జిల్లాల నుంచి రైలు దిగే పిల్లల్లో ఎందరికో నాంపల్లే మొదటి మెట్టు. కొత్త ఊరు కట్టాలంటే ఎన్నో ఏళ్లు పట్టే రవాణా ఇక్కడ ముందే వచ్చి కూర్చుంది.

తెలుగుకు ఈసారైనా

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. నూరేళ్ల కిందట ఈ ఊళ్లో సైన్సును తర్జుమా చేసినప్పుడు తెలుగు బయట నిలబడింది. ఇప్పుడు మళ్లీ అలాంటి కాలమే వచ్చింది. కృత్రిమ మేధ ఏ భాషలో ఎంత రాత దొరికితే ఆ భాషలో అంత నేర్చుకుంటోంది. తెలుగులో దానికి దొరికే రాత తక్కువ. 1985లో పబ్లిక్‌ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వెలిసింది. నిఘంటువులు, విజ్ఞానసర్వస్వాలు, జానపద సేకరణలు దశాబ్దాల పాటు అక్కడ తయారయ్యాయి. ట్రిపుల్‌ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. ఈ రెండూ కలవాలి. పాత పత్రికలు, పుస్తకాలు, రికార్డులు స్కాన్‌ చేసి, అక్షరం తప్పు లేకుండా దిద్ది, ఎవరైనా వాడుకునేలా పెట్టే పని నాంపల్లిలో పెడితే వందలమంది తెలుగు ఎంఏలకు ఉద్యోగమవుతుంది. ఐటీ అంటే కోడ్‌ రాసేవాళ్లకే అన్న గీత కూడా చెరుగుతుంది.

ప్రభుత్వానికి నా విన్నపం చిన్నదే. 2047 ప్రణాళికలో నాంపల్లి, ఆబిడ్స్‌కు విడిగా ఒక అధ్యాయం రాయండి. ఎంజే రోడ్డు సర్కారు భవనాల్లో ఏది ఎంత ఖాళీగా ఉందో, ఏది ఎంత గట్టిగా ఉందో లెక్క తీసి బయటపెట్టండి. గట్టిగా ఉన్నవాటిలో ఒక్కటైనా చిన్న కంపెనీలకు తక్కువ అద్దెకు ఇవ్వండి. కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌ పిల్లలకు, జగదీశ్‌ మార్కెట్‌ కుర్రాళ్లకు ఒకే ప్రయోగశాల తెరవండి. లింగంపల్లి ఎంఎంటీఎస్‌ సర్వీసులు పెంచమని రైల్వేను అడగండి.

ఈ మాటలు రాసే ముందు ఆదివారం మళ్లీ పుస్తకాల బజారుకు వెళ్లాను. పైథాన్‌ పుస్తకం ధర అడుగుతూ ఇద్దరు ఆడపిల్లలు నిలబడ్డారు. బేరం కుదిరింది. పుస్తకం సంచిలో పెట్టుకుని నాంపల్లి స్టేషన్‌ వైపు నడిచారు.